మడత, మరక, తుప్పు: పాత కామిక్స్ అట్టల గ్రేడింగు మీద తరచుగా అడిగే ప్రశ్నలు

పాత పెంకుటిల్లు పడగొట్టి డాబా వేసుకునేటప్పుడు అటక మీది ట్రంకు పెట్టె కిందికి దిగుతుంది. అందులో ఇంద్రజాల్ కామిక్స్, అమర్ చిత్ర కథలు, అట్టలు ఊడిన చందమామలు. అమలాపురం నుంచో, నరసాపురం నుంచో, పాలకొల్లు నుంచో ఒక ఫోటో వస్తుంది. కింద ఒకటే మాట: "దీనికి ఏ గ్రేడు వస్తుందండీ?" చాలా ఏళ్లుగా అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాశాను. ఏ ప్రశ్నకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది, మీకు కావలసిన చోట మొదలుపెట్టండి.

## పెట్టె దించిన రోజు

మా తాతగారి పెట్టెలో పాత కామిక్స్ దొరికాయి. ముందు ఏం చేయాలి?

ఎండలో పెట్టకండి. మన ఇళ్లలో అందరూ మొదట చేసే పని అదే. చెమ్మ వాసన రాగానే పుస్తకాలన్నీ డాబా మీద పరిచేస్తారు. సాయంత్రానికి అట్టలు వంకర్లు తిరుగుతాయి, రంగు వెలుస్తుంది. నీడలో, గాలి ఆడే గదిలో, శుభ్రమైన నూలు పంచె పరిచి దాని మీద విడివిడిగా పడుకోబెట్టండి. ఫ్యాను గాలి నేరుగా తగలనివ్వద్దు. తడిగుడ్డతో తుడవద్దు. అతుక్కున్న పేజీలను గోటితో విడదీయద్దు. ముందు ఫోటోలు తీయండి: ముందు అట్ట, వెనక అట్ట, వెన్ను, మధ్య పేజీ దగ్గర పిన్నులు.

గ్రేడు అంటే రేటేనా?

కాదు. గ్రేడు పుస్తకం ఎలా ఉందో చెబుతుంది. రేటు ఎంతమందికి కావాలో, ఎన్ని మిగిలాయో దాన్నిబట్టి ఉంటుంది. ఇప్పుడు అందరూ వాడేది అమెరికాలో కుదిరిన 10 పాయింట్ల స్కేలు. 1970లో మొదలైన ఓవర్‌స్ట్రీట్ ధరల గైడు అక్కడి సేకర్తలకు ఒక ఉమ్మడి భాష ఇచ్చింది. 2000లో మొదలైన సీజీసీ అనే కంపెనీ డబ్బు తీసుకుని గ్రేడు వేసి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసి ఇస్తుంది. 0.5 నుంచి 10.0 వరకు మొత్తం 25 మెట్లు.

గుర్తుపెట్టుకోవాల్సిన మెట్లు కొన్నే: 9.4 నియర్ మింట్, 8.0 వెరీ ఫైన్, 6.0 ఫైన్, 4.0 వెరీ గుడ్, 2.0 గుడ్, 1.0 ఫెయిర్, 0.5 పూర్. ఇక్కడ మనవాళ్లు ఒక తప్పు చేస్తారు. మామూలు మాటగా "గుడ్ కండిషన్" అని రాసి అమ్మకానికి పెడతారు. తెలిసిన కొనుగోలుదారు దాన్ని 2.0 అని చదువుకుంటాడు, అంటే బాగా నలిగిన పుస్తకమని. మాటతో పాటు అంకె కూడా రాయండి.

చందమామ, బాలమిత్ర కామిక్స్ కావు కదా. వాటికీ ఇదే పద్ధతా?

స్కేలు పుట్టింది పలచటి అమెరికన్ కామిక్ బుక్కు కోసం. కానీ ఒక అట్ట, మడిచిన పేజీలు, పిన్నులు ఉన్న ఏ పుస్తకానికైనా సరిపోతుంది. 1947 జులైలో మద్రాసులో మొదలైన చందమామను ఇప్పుడు వెతికేవాళ్లలో చాలామంది ముఖచిత్రం కోసమే వెతుకుతారు. వడ్డాది పాపయ్య వేసిన బొమ్మ ఉన్న అట్ట మీద మరక పడితే ఆ బాధ ఇంద్రజాల్ కామిక్స్ వీరుడు ఫాంటమ్ ఉన్న అట్ట మీద పడినదానికంటే ఏం తక్కువ కాదు. ఒక తేడా మాత్రం ఉంది. మాసపత్రికలో పేజీలు ఎక్కువ కాబట్టి వెన్ను మీద ఒత్తిడీ ఎక్కువే.

అట్టకే ఎందుకంత పట్టింపు? లోపల పేజీలు లెక్కలోకి రావా?

వస్తాయి. పేజీల రంగు, చిరుగులు, మధ్య పేజీ పిన్నుకు అంటి ఉందా లేదా, అన్నీ చూస్తారు. పోటీ కూపను ఒకటి కత్తిరించి ఉంటే అట్ట అద్దంలా ఉన్నా అది అసంపూర్ణ పుస్తకమే. అయితే దెబ్బ మొదట తగిలేది అట్టకే. ముందు, వెన్ను, వెనక మూడూ కలిసి ఒకే కాగితం. పుస్తకం తెరిచిన ప్రతిసారీ ఆ కాగితం పిన్నుల దగ్గర లాగబడుతుంది. పుస్తకం ఎలా బతికిందో అట్ట మీదే రాసి ఉంటుంది. అట్టే లేకపోతే గ్రేడు 0.5 దాకా పడిపోతుంది, లేదా గ్రేడే ఇవ్వరు.

## అట్టను దగ్గరగా చూసేటప్పుడు

చిన్న మడతేనండీ, దానికి కూడా మార్కులు కోసేస్తారా?

రంగు విరిగిందా లేదా అన్నదాన్నిబట్టి. అన్నిటికంటే ముందు నేర్చుకోవాల్సింది ఇదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

పుస్తకాన్ని ట్యూబులైటు కింద పట్టుకుని నెమ్మదిగా వాల్చండి. వెలుగు అట్ట మీద జారుతుంటే ఒకచోట చిన్న అల కనిపిస్తుంది. అక్కడ రంగు రంగుగానే ఉంటే అది వంపు. కాగితం వంగింది, సిరా పొర తెగలేదు. అదే చోట దారంలాంటి తెల్ల గీత కనిపిస్తే సిరా పగిలి కింది కాగితం బయటపడిందని అర్థం. గ్రేడింగు భాషలో దాన్ని కలర్ బ్రేక్ అంటారు. నలుపు, ముదురు నీలం, ఎరుపు అట్టల మీద అది గజం దూరానికి కూడా కనిపిస్తుంది. లేత పసుపు అట్ట మీద భూతద్దం కావాలి.

ఓవర్‌స్ట్రీట్ ప్రమాణంలో 8.0 పుస్తకానికి పావు అంగుళం మడత ఉండొచ్చు, రంగు విరగనంతవరకే. రంగు విరిగితే కిందికి దిగుతుంది. మూల నుంచి మూలకు మడిచి జేబులో పెట్టుకున్న పుస్తకం 4.0 దాటడం కష్టం.

వెన్ను మీద పిన్నుల దగ్గర అడ్డంగా సన్న గీతలున్నాయి. అవేంటి?

పుస్తకం తెరిచినప్పుడల్లా పిన్ను అట్టను లాగిన గుర్తులు. ఒక్కొక్కటీ చిన్నదే, కానీ లెక్కపెడతారు. 9.8 అనిపించుకోవాలంటే దాదాపు ఉండకూడదు. నాలుగైదు గీతలు రంగు విరిగి కనిపిస్తే 9 మాట మరిచిపోవచ్చు.

పుస్తకం వెన్ను ఒక పక్కకు వాలిపోయింది. ఇది లోపమేనా?

అవును. ముందు అట్టను వెనక్కి మడిచి ఒంటి చేత్తో పట్టుకుని చదివితే వస్తుంది. వెనక అట్ట అంచు ముందునుంచి కొంచెం కనిపిస్తుంటే వెన్ను దొర్లిందన్నమాట. కొద్దిగా ఉంటే 6.0లో కూడా సర్దుకుంటుంది.

పిన్నులు తుప్పు పట్టాయి. పిన్ను అట్టలో భాగం కాదు కదా, దానికి గ్రేడు తగ్గిస్తారా?

తగ్గిస్తారు. మన దగ్గర ఇది లేని పుస్తకం తక్కువ. అంతర్వేది, ఓడలరేవు వైపు ఇళ్లలో కిటికీ చువ్వలే ఉప్పుగాలికి పొట్టు రాలుతుంటే సన్నటి ఇనుప పిన్ను ఎంత ఆగుతుంది?

తుప్పు ఎంతదాకా వచ్చిందో చూడాలి. మొదట పిన్ను మాత్రమే గోధుమరంగు అవుతుంది, కాగితానికి ఏమీ కాదు. అప్పుడు పడే కోత చిన్నది. తర్వాత తుప్పు కాగితంలోకి ఇంకి పిన్ను చుట్టూ నారింజ రంగు మచ్చ ఏర్పడుతుంది, ఇది అట్ట మరక కింద లెక్క. చివరికి ఆ మచ్చ ఉన్నచోట కాగితం పొడి అవుతుంది. పిన్ను రంధ్రం పెద్దదై అట్ట ఒక పక్క ఊడుతుంది. అట్ట వదులైనా పూర్తిగా ఊడకపోతే 4.0 దాకా ఉండొచ్చు. పూర్తిగా ఊడితే 2.0 దరిదాపుల్లోకి వస్తుంది.

పిన్ను పీకి కొత్తది కొట్టకండి. పాత రంధ్రాలు, కొత్త పిన్ను మెరుపు చూడగానే తెలిసిపోతాయి. అప్పుడది మార్పు చేసిన పుస్తకం అవుతుంది.

86 వరదలో తడిసిన పుస్తకాలు. అట్ట కింది భాగంలో గోధుమరంగు గీత ఉంది. ఏమైనా విలువ ఉంటుందా?

1986 ఆగస్టు వరద, 1996 నవంబరు తుపాను. మన లంకల్లోనూ కోనసీమలోనూ పాత పుస్తకాలను ఈ రెండూ గుర్తు పెట్టి మరీ వెళ్లాయి. నీరు కాగితంలోకి ఎక్కుతూ అందులోని మురికిని, కాగితం ముసలిదవుతూ పుట్టిన గోధుమరంగు పదార్థాన్ని కరిగించి ముందుకు తోస్తుంది. ఎక్కడ ఆరిపోయిందో అక్కడ అదంతా గీతగా దిగబడుతుంది. అందుకే గీత కింద కాగితం కాస్త తెల్లగా, గీత మాత్రం టీ మరకలా ఉంటుంది.

ఒక లంక గ్రామంలో ఒక ఇంటావిడ చూపించిన కట్ట నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. పదకొండు పుస్తకాలు, పదకొండింటి మీదా అడుగు నుంచి మూడు వేళ్ల ఎత్తున ఒకే గీత. కట్టగా నిలబెట్టినట్టు కలిపితే గీత ఎక్కడా తెగలేదు. పై సగంలో రంగులు కొత్తవాటిలా ఉన్నాయి. కింద మాత్రం కాగితం అలలు తేలింది, మధ్యలో రెండు పుస్తకాల అట్టలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. నున్నటి అట్టకాగితం మీద మట్టిపూత ఉంటుంది. తడిస్తే అది జిగురైపోయి ఆరాక విడదు.

గీత సన్నగా ఒక మూలకే ఉండి, కాగితం చదునుగా ఉంటే 4.0 అందుకోవచ్చు. మూడు వేళ్ల గీత, అలలు, అంటుకున్న ఆనవాలు ఉంటే 2.0 లేదా ఇంకా కింద. ఆవిడకు నేను అదే చెప్పాను. విడదీసి అమ్మకుండా పదకొండూ కలిపి ఉంచమని కూడా చెప్పాను.

అట్ట మీద చిన్న గోధుమరంగు చుక్కలున్నాయి. బూజా?

ముట్టుకుంటే పొడి అంటుకుని, ముక్కుకు బూజు వాసన కొడితే బూజు బతికే ఉంది. ఆ పుస్తకాన్ని మిగతావాటి నుంచి వెంటనే వేరు చేయండి. వాసన లేకుండా, కాగితంలోనే కలిసిపోయిన చుక్కలైతే పాత చెమ్మ మిగిల్చిన మచ్చలు. వెనక అట్ట మీద నాలుగు చుక్కలుంటే పెద్దగా పట్టించుకోరు. ముఖచిత్రం మీద మొహం మీదే చుక్కలుంటే కంటికి కొట్టొచ్చినట్టు ఉంటుంది, కోతా అలాగే ఉంటుంది.

అట్ట మీద మా నాన్నగారి పేరు, అద్దె పుస్తకాల షాపు ముద్ర ఉన్నాయి. చెరిపేయాలా?

చెరపద్దు. ఓవర్‌స్ట్రీట్ ప్రకారం 4.0 పుస్తకానికి పేరు, షాపు ముద్ర, తేదీ ముద్ర గ్రేడును మార్చవు. పై గ్రేడుల్లో మాత్రం ఎక్కడ ఉంది, ఎంత పెద్దది అని చూస్తారు. మూలన పెన్సిలుతో సన్నగా రాసిన పేరు ఒక ఎత్తు, బొమ్మ మధ్యలో బాల్‌పెన్నుతో గట్టిగా నొక్కి రాసిన పేరు ఇంకో ఎత్తు. రెండోదానికి అట్ట వెనకవైపు కూడా గాడి పడుతుంది.

అద్దె షాపులవాళ్లు వెన్ను మీద ఖాకీ కాగితం అంటించి, అట్ట మీద స్కెచ్ పెన్నుతో నంబరు వేసేవారు. ముద్ర కంటే ఆ జిగురే ఎక్కువ నష్టం. ఊడదీయబోతే వెన్ను రంగంతా దాంతోపాటే వచ్చేస్తుంది.

రంగు వెలిసిపోయిన అట్టకు ఎంత తగ్గుతుంది?

షాపు అద్దాల వెనక వేలాడిన పుస్తకాల్లో ఎరుపు, పసుపు ముందు పోయి అట్టంతా నీలంగా మిగులుతుంది. వేరే లోపం ఏమీ లేకపోయినా ఇలాంటిది పై గ్రేడులకు వెళ్లదు. పేర్చిన దొంతరలో పక్కకు జరిగిన పుస్తకానికి ఒక అంచు మాత్రమే ముదురుతుంది. దుమ్ము నీడ అంటారు, దానికి కోత తక్కువ.

మూల చిరిగి చిన్న ముక్క లేదు. ఎంతవరకు ఫర్వాలేదు?

స్కేలు పెట్టి కొలవండి. పావు అంగుళం ముక్కోణం పోతే 4.0 వరకు, అర అంగుళం పోతే 2.0 వరకు ఒప్పుకుంటారు. వెన్ను చీలిక రెండు అంగుళాల లోపుంటే అదీ 2.0లోనే.

సిల్వర్ ఫిష్ పురుగు గీకిన అట్ట?

రంగు పొర మాత్రమే గీకితే గరుకు మచ్చ, రంధ్రం పడితే ముక్క పోయినట్టే లెక్క. చెదపట్టి సొరంగాలు పడినదైతే 1.0 లేదా అంతకంటే తక్కువే అనుకోవాలి.

ప్రెస్సులోనే అట్ట వంకరగా కుట్టారు. అది నా తప్పు కాదు కదా?

ముద్రణలో పుట్టిన చిన్న లోపాలను వాడకం వల్ల వచ్చినవాటికంటే మెత్తగా చూస్తారు. మన పాత పత్రికల్లో బొమ్మ వెన్ను దాటి పక్కకు రావడం మామూలే. కంటికి ఎబ్బెట్టుగా ఉంటే మాత్రం పైగ్రేడు దక్కదు.

## బాగుచేద్దామని చెయ్యి దురద పెట్టినప్పుడు

చిరిగినచోట సెల్లోటేపు వేస్తే ఆగుతుంది కదా?

పదో క్లాసులో ఉండగా నా దగ్గరున్న ఒక ఫాంటమ్ పుస్తకం వెన్ను ఒక అంగుళం చీలింది. ప్రేమ కొద్దీ పైనుంచి కిందిదాకా టేపు వేశాను. పదేళ్లకు టేపు ప్లాస్టిక్ ఎండి ఊడిపోయింది. దాని జిగురు మాత్రం కాగితంలోకి దిగి, వెన్ను పొడవునా బెల్లంపాకం రంగు పట్టీ మిగిలింది. చీలిక అంగుళమే, మరక పది అంగుళాలు. టేపు వేయకపోతే అది ఈరోజు కనీసం 4.0. ఇప్పుడు 2.0 అనడానికి కూడా నాకు మనసొప్పదు.

మన ప్రాంతపు పుస్తకాలు చూసి చూసి నాకు కలిగిన నమ్మకం ఇదే: చెమ్మ తీసిన గ్రేడుల కంటే మనం ప్రేమతో చేసిన మరమ్మతులు తీసిన గ్రేడులే ఎక్కువ. చీలికను అలాగే ఉంచి, వెనక గట్టి అట్ట పెట్టి సంచిలో దాచండి.

ఇస్త్రీ పెట్టెతో మడతలు తీయొచ్చా?

వద్దు. అమెరికాలో ప్రెస్సింగ్ అనే పని ఉంది. తేమ, వేడి, ఒత్తిడి మూడూ కొలిచి చేస్తారు. సీజీసీ దాన్ని మరమ్మతుగా లెక్కించదు కూడా. రంగు విరగని వంపులు, వాలిన వెన్ను దానివల్ల బాగుపడతాయి. విరిగిన రంగు ఎవరు ప్రెస్ చేసినా తిరిగి రాదు. ఇంట్లో ఇస్త్రీ పెట్టె పెడితే సిరా మెరుపు పోతుంది, పిన్ను ఆకారం అట్ట మీద అచ్చు పడుతుంది.

తెల్ల గీత మీద స్కెచ్ పెన్నుతో రంగు వేస్తే?

అది మరమ్మతు కాదు, దాచడం. వెలుతురులో తిప్పి చూస్తే స్కెచ్ రంగు వేరుగా మెరుస్తుంది, అట్ట లోపలి వైపుకు ఊరుతుంది కూడా. సీజీసీ అలాంటి పుస్తకం డబ్బాకు మామూలు నీలం లేబులు బదులు, మార్పు చేసిన పుస్తకమని చెప్పే ఊదా లేబులు వేస్తుంది. ఆ ఊదారంగు కనబడగానే రేటు బాగా పడిపోతుంది. తెల్ల గీతకు పోయేది అర పాయింటో, పాయింటో.

లామినేషన్?

వద్దు. తిరిగి తీయలేరు.

ఏడాది చందమామలు పన్నెండూ బైండు చేయించి ఉన్నాయి. విడదీస్తే ఒక్కోదానికి గ్రేడు వస్తుందా?

ఈ ప్రశ్న వారానికి ఒకటైనా వస్తుంది. మన ఇళ్లలో పుస్తకాల మీద గౌరవం ఉన్నవాళ్లందరూ చేసిన పని ఇది. ఆ గౌరవం వల్లే చాలా కథలు చిరగకుండా మనదాకా వచ్చాయి కూడా. గ్రేడింగు దృష్టితో మాత్రం మూడు దెబ్బలు పడ్డాయి. బైండరు వెన్నుకు పక్కగా సూదితో గుచ్చి కుట్టాడు, కాబట్టి ప్రతి అట్టకూ వరుసగా రంధ్రాలు. మూడు పక్కలా కటింగు మిషను మీద అంచులు సమం చేశాడు, కాబట్టి సైజు తగ్గింది. మైదా జిగురు పూశాడు, పురుగుకు అదే విందు. కొందరు బైండర్లు లావు తగ్గించడానికి అట్టలు తీసేసి కథలు మాత్రమే కుట్టేవారు కూడా.

అంచు కత్తిరించడాన్ని గ్రేడింగులో మార్పు కిందే చూస్తారు. మూలలు సూదిగా, అంచు తెల్లగా మెరుస్తుంటే మోసపోకండి. పక్కన అదే ఏడాది విడి సంచిక పెట్టి కొలిస్తే రెండు, మూడు మిల్లీమీటర్ల తేడా తెలుస్తుంది. విడదీస్తే రంధ్రాలు, చిరిగిన వెన్ను, కోసిన అంచు ఉన్న పన్నెండు బలహీన పుస్తకాలు మిగులుతాయి. బైండుగానే ఉంచండి. జనవరి నుంచి డిసెంబరు దాకా అట్టలతో సహా ఉన్న సంపుటానికి దాని విలువ దానికుంది.

## గ్రేడు వేసి అమ్మేటప్పుడు

ఒకే పుస్తకానికి ముగ్గురు మూడు గ్రేడులు చెప్పారు. నేనెలా వేసుకోవాలి?

నేను చేసే పద్ధతి ఇది. ముందు అతి పెద్ద లోపం వెతుకుతాను. గ్రేడుకు పైకప్పు అదే. అట్ట పూర్తిగా ఊడిన పుస్తకం మిగతా అంతా కొత్తగా ఉన్నా 8.0 కాదు. పైకప్పు తేలాక మిగతా లోపాలకు అరపాయింటు చొప్పున దిగుతాను. చివరిగా పుస్తకాన్ని చెయ్యి చాచినంత దూరంలో పెట్టి చూస్తాను. రెండు గ్రేడుల మధ్య ఊగుతుంటే కిందిదే రాస్తాను. 5.5కు, 6.0కు మధ్య అనుభవజ్ఞులు కూడా తేడాపడతారు, దానికి టెన్షన్ వద్దు.

మన పుస్తకాలను అమెరికా కంపెనీకి పంపి గ్రేడు చేయించాలా?

చాలావాటికి అక్కర్లేదు. రానుపోను తపాలా, బీమా, ఫీజు కలిపితే పుస్తకం రేటు కంటే ఎక్కువవుతుంది. 1964 మార్చిలో మొదలైన ఇంద్రజాల్ తొలి సంచికలు గట్టి గ్రేడులో ఉంటే ఆలోచించండి. తక్కినవాటికి మంచి ఫోటోలు, నిజాయితీగా రాసిన వివరం చాలు.

లోపాలన్నీ రాస్తే ఎవరు కొంటారు?

కొంటారు, మళ్లీ మీ దగ్గరికే వస్తారు. "పాతది, బాగుంది" అని రాసే బదులు ఇలా రాయండి: "గ్రేడు సుమారు 3.5. కింది పిన్ను తుప్పు, చుట్టూ శనగగింజంత మరక. కుడి పైమూల పావు అంగుళం ముక్క లేదు. ముందు అట్ట మీద నీలి సిరాతో పేరు. టేపు లేదు, రంగు వేయలేదు, అంచు కోయలేదు. పేజీలు లేత గోధుమరంగు, అన్నీ ఉన్నాయి." వెన్ను ఫోటో, వాల్చి తీసిన ఫోటో తప్పకుండా పెట్టండి. "టేపు లేదు" అన్న రెండు మాటలకే చాలామంది ఫోను చేస్తారు.

## దాచేటప్పుడు

మన తేమలో అట్ట ఇంకా పాడవకుండా ఎలా?

సూపర్‌మ్యాన్ మొదటిసారి కనిపించిన 1938 నాటి యాక్షన్ కామిక్స్ ఒకటో సంచిక, 9.0 గ్రేడుది, 2014లో 32 లక్షల డాలర్లకు పైగా పలికింది. దాన్ని 1938లో కొత్తగా కొన్నాయన వెస్ట్ వర్జీనియాలో దేవదారు పెట్టెలో ఉంచాడు. అక్కడి పొడి చల్లదనం మనకు లేదు. శ్రావణం, భాద్రపదాల్లో మన గోడలే చెమర్చుతాయి.

అందుకని బయటిగోడకు ఆనిన బీరువా వద్దు, నేల మీద పెట్టె వద్దు. ఒక్కో పుస్తకాన్ని పాలీప్రొపిలీన్ లేదా పాలియెస్టర్ సంచిలో, వెనక యాసిడ్ లేని అట్టముక్కతో పెట్టండి. మెత్తగా సాగే, వాసనవచ్చే పీవీసీ కవర్లు సిరాకు అంటుకుంటాయి. సంచి మూతికి టేపు వేసేటప్పుడు దాని జిగురు వైపు అట్టకు తగలకుండా చూసుకోండి. సిలికా జెల్ పొట్లాలు పెట్టి, ముసురు తగ్గగానే మార్చండి. కలరా ఉండలు, వేపాకు పుస్తకానికి తగలకూడదు, ఆకు ఎండినచోట మచ్చ పడుతుంది. రెండు నెలలకోసారి పొడి రోజున తెరిచి చూడండి.

వానాకాలంలో పోస్టులో పంపొచ్చా?

వీలైతే ఆగండి. తప్పకపోతే సంచి, రెండు వైపులా పుస్తకం కంటే పెద్ద గట్టి అట్టలు, మళ్లీ ఒక వాటర్‌ప్రూఫ్ కవరు. ఒకసారి నేను ఒక్క అట్టతో పంపిన 7.0 పుస్తకం నడిమికి విరిగి చేరింది.

మా పిల్లలు చదువుతామంటున్నారు. ఇవ్వచ్చా?

4.0 లోపు పుస్తకాలను నిస్సంకోచంగా ఇవ్వండి. చేతులు కడుక్కుని పొడిగా తుడుచుకోమనండి. పుస్తకాన్ని బల్ల మీద పెట్టి, అట్టను సగమే తెరిచి, వెన్ను కింద ఎడమచేతి వేళ్లు ఆనించి పేజీ పై మూల పట్టుకుని తిప్పడం ఒకసారి చేసి చూపించండి. మా అమ్మాయికి ఏడో ఏట నేర్పాను. ఇప్పుడు నేను వెన్ను కింద వేళ్లు పెట్టడం మరిచిపోతే తనే గుర్తుచేస్తుంది.